పేరున్న ఖాళీ పెట్టె: కంప్యూటరులో డమ్మీ ప్యాకేజీల సంగతి

ఈ వ్యాసం కంప్యూటరు ఇంజనీర్ల కోసం రాసింది కాదు. తెలుగులో పుస్తకాలు, నిఘంటువులు, పదపట్టికలు సొంతంగా కూర్చుకొనే ఉపాధ్యాయులకూ పరిశోధక విద్యార్థులకూ తరచు ఒక చిక్కు ఎదురవుతుంది. కావలసిన వస్తువు కంప్యూటరులో ఉంటుంది. అయినా కంప్యూటరు అది లేదంటుంది. దీన్ని విడదీసుకొనే పద్ధతి ఒకటి ఉంది. అది ఏమిటో, ఎప్పుడు మేలు చేస్తుందో, ఎప్పుడు ముంచుతుందో నా అనుభవం ఆధారంగా వివరించటం ఇక్కడి ఉద్దేశం. భాషాశాస్త్రం చదివినవాణ్ణి కనుక మధ్యలో వ్యాకరణం ప్రస్తావన కూడా వస్తుంది. అది అనవసర ప్రసంగం కాదని చివరికి పాఠకులే ఒప్పుకుంటారని నమ్ముతున్నాను.

పని మొదలైన చోటు

పొన్నేరి మద్రాసుకు ఉత్తరాన, గూడూరు వెళ్ళే రైలుమార్గంలో, ఆరణి నది దగ్గర ఉన్న ఊరు. 1997లో చెంగల్పట్టు జిల్లాను విభజించినప్పుడు ఏర్పడిన తిరువళ్ళూరు జిల్లాలో ఇప్పుడు ఉంది. అంతకు చాలా ముందే, 1960 ఏప్రిల్ 1న, ఈ ప్రాంతంలో రాష్ట్రాల సరిహద్దు మారింది. చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో చేరింది. ఇటువైపున్న సత్యవేడు ప్రాంతపు గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. గీత మారింది గాని ఇళ్ళలో మాట మారలేదు. పొన్నేరి, గుమ్మిడిపూండి, తిరుత్తణి పల్లెల్లో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. ఆ తెలుగులో నెల్లూరు యాస ఉంది, చిత్తూరు యాస ఉంది, పక్కనే నడిచే తమిళం ఉంది.

ఈ మాటలను నేనూ కొందరు విద్యార్థులూ కొన్నేళ్ళపాటు సేకరించి ఒక చిన్న పదపట్టికగా కూర్చాం. అందులో ఒక ప్రత్యేకమైన అవసరం వచ్చింది. ఈ ప్రాంతపు ఊరిపేర్లలో, ఇక్కడి తెలుగువారు వాడుకొనే తమిళపు మాటల్లో, ‘ఴ’ అనే ధ్వని ఉంది. మనం పులికాట్ అనే ఊరిని తమిళులు పఴవేర్కాడు అంటారు. దాన్ని ‘ళ’తో రాస్తే ఆ మాట చెప్పినవారి నోటిని మనం దిద్దినట్టే అవుతుంది. ప్రాచీన తెలుగు శాసనాల్లో ఈ అక్షరం ఉండేది, తరవాత లోపించింది. కాబట్టి పదపట్టికను అచ్చువేయాలంటే ఈ అక్షరమున్న ఫాంటు కావాలి, దాన్ని సరిగా కూర్చే ప్రోగ్రాము కావాలి.

కూర్పుకు టెక్ అనే ప్రోగ్రామును ఎంచుకున్నాను. డొనాల్డ్ క్నూత్ అనే అమెరికన్ శాస్త్రవేత్త తన పుస్తకాల అచ్చు తనకు నచ్చక 1970ల చివర్లో తయారుచేసుకున్న సాధనం ఇది. 2004లో జొనాథన్ క్యూ దీనికి జీటెక్ అనే రూపం ఇచ్చిన తరవాత, యూనికోడ్ తెలుగును నేరుగా కూర్చటం సాధ్యమయింది. మా కంప్యూటరులో ఉన్నది డెబియన్ లినక్స్. దీనికీ ఈ జిల్లాకూ ఒక బంధుత్వం ఉంది. 2011 సెప్టెంబరు 15న తమిళనాడు ప్రభుత్వం విద్యార్థులకు ఉచిత లాప్‌టాపులు ఇచ్చే పథకాన్ని ఈ తిరువళ్ళూరు జిల్లాలోని కాక్కలూరులోనే ప్రారంభించింది. ఆ పథకం కింద ఇచ్చిన లాప్‌టాపుల్లో విండోస్‌తోపాటు బాస్ లినక్స్ కూడా వచ్చేది. అది చెన్నైలోని సీ-డాక్ సంస్థ డెబియన్ ఆధారంగా రూపొందించినది. నా విద్యార్థుల్లో కొందరు లినక్స్‌ను మొదట చూసింది ఆ లాప్‌టాపుల్లోనే. కాబట్టి ఇక్కడ చెప్పే విషయాలు వారికీ పనికివస్తాయి.

ప్యాకేజి, ఆధారం

డెబియన్‌ను 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ ప్రారంభించాడు. ఇందులో సాఫ్టువేరు అంతా ప్యాకేజీలుగా వస్తుంది. ప్యాకేజి అంటే ఒక మూట. మూటలో సరుకు ఉంటుంది, మూటమీద ఒక చీటీ ఉంటుంది. సరుకు అంటే ప్రోగ్రాము ఫైళ్ళు. చీటీలో ప్యాకేజి పేరు, వెర్షను సంఖ్య, అన్నిటికంటె ముఖ్యంగా, ఇది పనిచేయటానికి ఇంకా ఏయే ప్యాకేజీలు ఉండాలో రాసి ఉంటుంది. దీనినే డిపెండెన్సీ అంటారు. ఈ వ్యాసంలో నేను దాన్ని ఆధారం అంటాను.

2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13లో 69 వేలకు పైగా ప్యాకేజీలు ఉన్నాయి. ఏది దేనిమీద ఆధారపడిందో మనిషి గుర్తుపెట్టుకోవటం అసాధ్యం. అందుకే డీపీకేజీ, దానిమీద పనిచేసే ఆప్ట్ అనే రెండు ప్రోగ్రాములు ఈ లెక్క చూస్తాయి. ఆప్ట్‌ను మనం ఒక ప్యాకేజి అడిగితే, అది ఆ చీటీ చదివి, ఆధారాలన్నీ తెచ్చి, వాటి ఆధారాలనూ తెచ్చి, అన్నీ సమకూరాక గాని పని ముగించదు.

ఇక్కడ పాఠకులు ఒక విషయం గమనించాలి. ఈ లెక్క చూసే ప్రోగ్రాము మూటలు విప్పి సరుకు పరీక్షించదు. తన దగ్గరి ఖాతాలో ఫలానా పేరు, ఫలానా వెర్షను నమోదయి ఉన్నాయా లేదా అన్నదే చూస్తుంది. అది ఖాతా పుస్తకం చూసే గుమాస్తా. గోదాములోకి వెళ్ళి బస్తాలు లెక్కపెట్టే మనిషి కాదు. తరవాత చెప్పబోయేదంతా ఈ ఒక్క సంగతిమీదనే నిలబడి ఉంది.

చిక్కు ఎక్కడ వస్తుంది

డెబియన్ స్థిర సంచికలు సుమారు రెండేళ్ళకొకటి వస్తాయి. ఒకసారి వెలువడ్డాక అందులోని ప్రోగ్రాముల వెర్షన్లు దాదాపుగా మారవు. భద్రతకు సంబంధించిన సవరణలే వస్తుంటాయి. టెక్ ప్రోగ్రాములన్నిటినీ కలిపి ఇచ్చే టెక్-లైవ్ మాత్రం ఏటా కొత్తది వస్తుంది. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో ఉన్నది 2022 నాటి టెక్-లైవ్. నాకు 2023 నాటిది కావలసి వచ్చింది. దాన్ని టెక్-లైవ్ వారి సొంత స్థాపక ప్రోగ్రాముతో పెట్టుకున్నాను. ఇది అనేక గిగాబైట్ల సరుకు. పొన్నేరిలో మా ఇంటికి ఉన్న ఇంటర్నెట్‌మీద ఒక రాత్రంతా పట్టింది.

మర్నాడు టెక్ ఫైళ్ళు రాసుకోవటానికి వీలైన ఒక ఎడిటరు కావాలని ఆప్ట్‌ను అడిగాను. తనకు టెక్-లైవ్ ఆధారమని, అది ఈ కంప్యూటరులో లేదని, డెబియన్ వారి పాత టెక్-లైవ్ అంతా ఇప్పుడు దింపుతానని అది చెప్పింది. రాత్రంతా దింపిన వస్తువు ఎదురుగా ఉంది. కాని అది ఆప్ట్ ద్వారా రాలేదు కనుక ఖాతాలో లేదు. ఖాతాలో లేనిది గుమాస్తా లెక్కలో లేనే లేదు.

సరేనని ఒప్పుకుంటే రెండు నష్టాలు. ఒకటి, డిస్కులో చోటూ ఇంటర్నెట్ ఖర్చూ. రెండోది, ఒకే కంప్యూటరులో రెండు టెక్-లైవ్‌లు ఉంటాయి. ఏది ఎప్పుడు నడుస్తుందో తెలియక, ఒక రోజు ఒక రకంగా, ఇంకొక రోజు ఇంకొక రకంగా పుటలు వస్తాయి. పుస్తకం కూర్చేవారికి ఇంతకంటె పెద్ద తలనొప్పి లేదు.

దీనికి విరుగుడు: ఖాతాలో ఒక పద్దు రాయించటం. ‘టెక్-లైవ్ ఉంది’ అని చెప్పే చీటీ మాత్రం ఉండి, లోపల సరుకు లేని మూట ఒకటి తయారుచేసి ఆప్ట్‌కు చూపటం. దీన్నే డమ్మీ ప్యాకేజి అంటారు. మన పూజల్లో ఇది కొత్త సంగతి కాదు. వస్త్రం సమర్పించవలసిన చోట వస్త్రం లేకపోతే, వస్త్రార్థం అని చెప్పి అక్షతలు వేస్తాం. క్రమం ఆగదు, తరవాతి ఉపచారానికి వెళ్ళవచ్చు. అయితే అక్షతలు వేసినందువల్ల ఎవరికీ చలి తీరదు. ఈ తేడా గుర్తుంటే డమ్మీ ప్యాకేజి సంగతి సగం తెలిసినట్టే.

తయారుచేసే పద్ధతి

డెబియన్‌లో దీనికి ఈక్వివ్స్ అనే చిన్న సాధనం ఉంది. ఆలోచన లేకుండా వాడితే ప్యాకేజీల వ్యవస్థకే హాని జరగవచ్చని దాన్ని తయారుచేసినవారే దాని వివరణలో హెచ్చరించారు. పద్ధతి నాలుగు అడుగులు. ఇక్కడ ఆదేశాలను తెలుగు లిపిలో రాస్తున్నాను. కంప్యూటరులో రోమను అక్షరాలతో కొట్టాలి.

మొదటి అడుగు: ఈక్వివ్స్‌ను ఆప్ట్ ద్వారా పెట్టుకోవాలి.

రెండో అడుగు: ‘ఈక్వివ్స్-కంట్రోల్ టెక్స్‌లైవ్-లోకల్’ అని ఆదేశం ఇస్తే ఆ పేరుతో ఒక నమూనా ఫైలు వస్తుంది. అదే ఖాళీ చీటీ. దాన్ని మామూలు ఎడిటరులో తెరిచి పూరించాలి. ముఖ్యమైన వరసలు ఇవి:

ప్యాకేజ్: టెక్స్‌లైవ్-లోకల్
వెర్షన్: 2023-1
ప్రొవైడ్స్: టెక్స్‌లైవ్-బేస్, టెక్స్‌లైవ్-లాటెక్-బేస్, టెక్స్‌లైవ్-జీటెక్
ఆర్కిటెక్చర్: ఆల్
డిస్క్రిప్షన్: టెక్-లైవ్ 2023 చేతితో పెట్టినది, ఇది డమ్మీ

ఇందులో అసలు కీలకం ‘ప్రొవైడ్స్’ అనే వరస. ‘నా పేరు వేరే అయినా, ఈ పేర్లతో ఎవరు అడిగినా నేను ఉన్నానని రాసుకోండి’ అని దాని అర్థం. టెక్-లైవ్‌ను డెబియన్ వారు అనేక ప్యాకేజీలుగా విడగొట్టారు కనుక ఈ వరసలో నిజానికి చాలా పేర్లు రావాలి. డెబియన్ వాడేవారి కోసం టెక్ యూజర్స్ గ్రూప్ వారు ఇటువంటి నమూనా చీటీని సిద్ధంగా ఉంచారు. దాన్ని తీసుకొని దిద్దుకుంటే శ్రమ తగ్గుతుంది. కొన్ని ప్యాకేజీలు ఆధారం పేరుతో సరిపెట్టుకోక, ‘ఫలానా వెర్షనుకు తగ్గకూడదు’ అని కూడా అడుగుతాయి. అప్పుడు ప్రొవైడ్స్ వరసలో వట్టి పేరు చాలదు. పేరు పక్కన కుండలీకరణాల్లో సమానం గుర్తు పెట్టి వెర్షను సంఖ్య కూడా రాయాలి. చాలామంది ఇక్కడే తప్పు చేసి, డమ్మీ పెట్టినా ఆప్ట్ వినలేదని విసుక్కుంటారు.

మూడో అడుగు: ‘ఈక్వివ్స్-బిల్డ్ టెక్స్‌లైవ్-లోకల్’. ఈ ఆదేశంతో చీటీ మూటగా మారి, డెబ్ అనే తోక ఉన్న ఫైలుగా వస్తుంది. కొద్ది కిలోబైట్ల పరిమాణం. విప్పిచూస్తే ఒకటి రెండు వివరణ పత్రాలు తప్ప లోపల ఏమీ ఉండదు.

నాలుగో అడుగు: డీపీకేజీతో ఆ ఫైలును వ్యవస్థలో నమోదు చేయాలి. ఇక ఎడిటరును అడిగితే ఆప్ట్ పాత టెక్-లైవ్ ఊసెత్తకుండా ఎడిటరును మాత్రమే తెచ్చిపెడుతుంది.

ఇంతవరకు చేసిన దాంట్లో అబద్ధం లేదు. వస్తువు నిజంగా ఉంది, ఖాతాలో లేదు, ఖాతాలో రాయించాం. జాతకం ఉండి జనన ధ్రువపత్రం లేనివాడికి పత్రం ఇప్పించటం వంటిది ఇది.

స్థాని, ఆదేశం

ఒక వస్తువు స్థానంలో మరొకటి వచ్చినప్పుడు రెండోది మొదటిదానివలె ప్రవర్తిస్తుందా అనే ప్రశ్నను మన వ్యాకరణవేత్తలు ఎప్పుడో వేసుకున్నారు. తొలగిపోయేది స్థాని, దాని చోటికి వచ్చేది ఆదేశం. తెలుగు విద్యార్థులకు గసడదవాదేశం అనే మాటలోని ఆదేశం ఇదే. పాణిని అష్టాధ్యాయి 1-1-56 సూత్రంలో దీనికి ఒక సాధారణ నియమం చెప్పాడు: ఆదేశాన్ని స్థాని అనే భావించాలి. అయితే వెంటనే ఒక మినహాయింపు పెట్టాడు: వర్ణాన్ని, అంటే ధ్వనిని, ఆశ్రయించి జరిగే కార్యాల్లో మాత్రం అలా భావించకూడదు.

ఉదాహరణకు, సంస్కృతంలో ‘చేసి’ అనే అర్థంలో ‘కృత్వా’ అంటాం. ముందు ఉపసర్గ చేరితే ‘త్వా’ బదులు ‘య’ వచ్చి ‘ప్రకృత్య’ వంటి రూపం ఏర్పడుతుంది. వచ్చింది వేరే ప్రత్యయమైనా, ‘త్వా’కు ఉన్న హోదా అంతా దీనికీ వస్తుంది, పదం అవ్యయంగానే ఉంటుంది. ఇది పేరునుబట్టి, హోదానుబట్టి జరిగే కార్యం. ఇప్పుడు ‘దివ్’ శబ్దం చూడండి. ప్రథమా ఏకవచనంలో దాని వకారానికి ఔకారం ఆదేశంగా వచ్చి ‘ద్యౌః’ అవుతుంది. ఆ ఔకారాన్ని ఇంకా వకారమనే, అంటే హల్లు అనే భావిస్తే, హల్లు తరవాతి విభక్తి సకారం లోపించి విసర్గ లేకుండా పోవాలి. కాని అలా జరగదు. ఎందుకంటే ఆ లోపం నిజంగా వినిపించే హల్లును ఆశ్రయించి జరిగేది. హోదా అరువు తెచ్చుకోవచ్చు. ధ్వనిని అరువు తెచ్చుకోవటం కుదరదు.

డమ్మీ ప్యాకేజికి ఇంతకంటె మంచి వ్యాఖ్యానం నాకు దొరకలేదు. ఆప్ట్ చేసేది హోదానుబట్టి జరిగే కార్యం. అక్కడ డమ్మీ అసలు ప్యాకేజితో సమానం. ప్రోగ్రాము నిజంగా నడిచేటప్పుడు జరిగేది ధ్వనిని ఆశ్రయించిన కార్యం. అక్కడ ఫైలు ఉండాలి, అందులోని అక్షరం ఉండాలి. లేకపోతే పేరు ఎన్ని చీటీల్లో ఉన్నా పని జరగదు. నేను ఈ సూత్రాన్ని తరగతిలో చాలా ఏళ్ళు చెప్పాను. చెప్పిన దాన్ని నా బల్లమీద పాటించలేకపోయాను. ఆ కథ ఇది.

నా పొరపాటు

పదపట్టిక పని మొదలుపెట్టిన రోజుల్లో ఒక తెలుగు ఫాంటును చేతితో తెచ్చి నా సొంత ఫోల్డరులో పెట్టుకున్నాను. డెబియన్‌లోనూ ఆ ఫాంటు ప్యాకేజి ఉంది. వేరే ప్రోగ్రాము ఒకటి ఆధారంగా దాన్ని అడిగింది. నా దగ్గర ఫాంటు ఉంది కదా, మళ్ళీ ఎందుకని డమ్మీ చేశాను. అయితే దానికి వేరే పేరు పెట్టకుండా, అసలు ప్యాకేజి పేరే పెట్టాను. వెర్షను అడిగిన చోట, ఎవరు ఎంత కొత్తది అడిగినా సరిపోవాలని 9999 అని రాశాను. పని జరిగింది. ఆ సంగతి మరిచిపోయాను.

అప్పటి ఆ ఫాంటులో ‘ఴ’ లేదు. ఈ అక్షరానికి యూనికోడ్‌లో చోటు దొరికిన కథ కూడా చెప్పుకోదగ్గది. 1991లో యూనికోడ్ మొదటి సంచిక వచ్చినప్పుడు భారతీయ లిపులకు ఒకే వరసలో, ఐఎస్‌సీఐఐ అనే భారతీయ ప్రమాణాన్ని అనుసరించి, ఒక్కొక్కదానికి 128 స్థానాలు ఇచ్చారు. ఒక లిపిలో ఉన్న అక్షరం మరో లిపిలో లేకపోతే ఆ స్థానాన్ని ఖాళీగా వదిలారు. తమిళంలో ఈ అక్షరం ఉన్న చోటుకు సరిగ్గా సమానమైన చోటు తెలుగు వరసలో చాలాకాలం ఖాళీగానే ఉంది. 2014లో యూనికోడ్ 7.0 ఆ ఖాళీలో తెలుగు ‘ఴ’ను చేర్చింది. ఆ తరవాత ఫాంట్లు చేసేవారు ఒక్కొక్కరే దాన్ని చేర్చుకుంటూ వచ్చారు. మేము తొలి రోజుల్లో ‘ళ’ కింద చుక్క పెట్టి నడిపాం. తరవాత నా విద్యార్థులు పట్టిక అంతటా చుక్క ‘ళ’ను తీసి అసలు ‘ఴ’ పెట్టారు. వారి కంప్యూటర్లలో ఫాంటు కొత్తది; అక్షరం చక్కగా కనిపించింది.

పుటలు కూర్చింది మాత్రం పొన్నేరిలోని నా కంప్యూటరు. డెబియన్‌లో ఆ ఫాంటు కొత్త వెర్షను వచ్చి చాలాకాలమయింది. కాని నా ఆప్ట్ దృష్టిలో నా దగ్గర ఉన్నది 9999. అంతకంటె కొత్తది లోకంలో లేదు. అడిగినప్పుడల్లా ‘ఇదే అన్నిటికంటె కొత్తది’ అని జవాబు చెప్పింది, నేను నమ్మాను. ఎడిటరు తెరమీద కూడా ‘ఴ’ సరిగానే కనిపించింది. ఒక ఫాంటులో లేని అక్షరాన్ని తెరమీద చూపేటప్పుడు కంప్యూటరు మరొక ఫాంటులోంచి తెచ్చి చూపుతుంది. జీటెక్ అలా తేదు. అక్షరం లేకపోతే ఒక ఖాళీ చతురస్రం వేసి, లాగ్ ఫైలులో ఒక హెచ్చరిక రాసి, పని పూర్తయిందంటుంది. తొలి ఫారాల ప్రూఫులు శ్రద్ధగా చూశాను. చివరి ఫారాలకు వచ్చేసరికి తొందర పడ్డాను. పదహారు పుటల ఫారం ఒకటి అచ్చయిపోయింది.

పులికాట్ దగ్గరి ఒక పల్లెలో ఒక పెద్దావిడ మాకు చాలా మాటలు చెప్పింది. చిన్నప్పుడు బడిలో తెలుగు చదువుకున్న మనిషి. ‘అయ్యోరూ, నేను చెప్పిన మాట అచ్చులో ఎట్లుంటాదో ఒకసారి సూపించండి’ అని మొదటి రోజే అడిగింది. అచ్చయిన ఫారం తీసుకొని సంతోషంగా వెళ్ళాను. కళ్ళజోడు పెట్టుకొని, వేలితో వరస వెంబడి చదువుకుంటూ పోయి, ఒక చోట ఆగింది. ‘ఈడ కిటికీ ఎందుకు ఏసినారు?’ అని అడిగింది. అది వారి ఊరి పక్కనున్న చెరువు పేరు. ఆ పేరులోని అక్షరం కోసమే మేము ఇంత దూరం వచ్చాం. సరిగ్గా ఆ అక్షరమే లేదు.

ఇంటికి వచ్చి లాగ్ ఫైలు చూస్తే హెచ్చరిక వరసలు డజన్లకొద్దీ ఉన్నాయి. ప్యాకేజీల జాబితాలో 9999 కనిపించాక గాని కారణం తెలియలేదు. డమ్మీ స్థానంలో అసలు ఫాంటు ప్యాకేజిని పెట్టి, నా ఫోల్డరులోని పాత ఫైలును తీసేసి, ఆ ఫారాన్ని మళ్ళీ కూర్పించి, మళ్ళీ అచ్చువేయించాం. ఖర్చు నాది. కొత్త ఫారం పట్టుకొని మళ్ళీ ఆ పల్లెకు వెళ్ళాను. ఆవిడ ఆ మాట దగ్గర వేలు పెట్టి, పైకి చదివి, ‘ఇప్పుడు సరిపోయినాది’ అన్నది.

అధికారికంగా ఉండే ఖాళీ ప్యాకేజీలు

ఇది చదివి డమ్మీలన్నీ మోసమని పాఠకులు అనుకోకూడదు. డెబియన్ వారే ఖాళీ ప్యాకేజీలను నిత్యం వాడతారు. అవి మూడు రకాలు.

ఒకటి, పేరు మాత్రమే ఉండే ప్యాకేజి. ఈమెయిలు పంపే ప్రోగ్రాము ఏదో ఒకటి ఉండాలి అని అడగటానికి ‘మెయిల్-ట్రాన్స్‌పోర్ట్-ఏజెంట్’ అనే పేరు పెట్టుకున్నారు. ఆ పేరుతో అసలు ప్యాకేజి లేదు. ఎగ్జిమ్, పోస్ట్‌ఫిక్స్ వంటివి ‘ఆ పేరుకు మేము పలుకుతాం’ అని తమ చీటీల్లో రాసుకుంటాయి.

రెండు, జాబితా ప్యాకేజి. ‘ఫాంట్స్-ఇండిక్’ అనే ప్యాకేజిలో ఒక్క ఫాంటు కూడా లేదు. భారతీయ లిపుల ఫాంటు ప్యాకేజీలన్నీ దానికి ఆధారాలు. దాన్ని అడిగితే అవన్నీ వస్తాయి.

మూడు, పేరు మార్పుకోసం ఉంచే ప్యాకేజి. అంతకుముందు ‘టీటీఎఫ్’తో మొదలయ్యే ఫాంటు ప్యాకేజీల పేర్లను 2010 తరవాతి సంవత్సరాల్లో ‘ఫాంట్స్’తో మొదలయ్యేటట్టు మార్చారు. పాత పేరుతో అడిగేవారు ఇబ్బంది పడకుండా, కొత్తదానివైపు చూపే ఖాళీ ప్యాకేజీలను కొంతకాలం ఉంచారు. ఊరు పేరు 1996లో చెన్నై అయినా మద్రాసు విశ్వవిద్యాలయం, మద్రాసు హైకోర్టు పాత పేరుకే పలుకుతున్నట్టు.

ఈ మూడింటిలోనూ ఖాళీ వెనక నిజమైన వస్తువు ఉంది. అది ఎక్కడుందో చీటీలోనే రాసి ఉంది. నా 9999 చీటీలో అదే లేదు.

పాటించవలసిన జాగ్రత్తలు

అనుభవంమీద నేర్చుకున్న నియమాలు కొన్ని ఇక్కడ ఇస్తున్నాను.

మొదట డమ్మీ అవసరమా అని చూడాలి. ప్యాకేజి ముందుకు కదలకూడదన్నదే ఉద్దేశమైతే ఆప్ట్‌లోనే ‘హోల్డ్’ అనే సౌకర్యం ఉంది. కొత్త వెర్షను కావాలన్నదే ఉద్దేశమైతే డెబియన్ వారి బ్యాక్‌పోర్ట్స్‌లో అది ఉందేమో చూడాలి. అసలు ప్యాకేజి చిన్నదైతే దాన్నే పెట్టుకోవటం మేలు.

వస్తువు నిజంగా ఉంటేనే డమ్మీ చేయాలి. వస్తువు లేకుండా ఆప్ట్ నోరు మూయించటానికి చేస్తే, ఆప్ట్ ఊరుకుంటుంది గాని ప్రోగ్రాము ఊరుకోదు.

డమ్మీకి అసలు ప్యాకేజి పేరు పెట్టకూడదు. చివర ‘లోకల్’ అనో ‘డమ్మీ’ అనో చేర్చిన వేరే పేరు పెట్టి, అసలు పేరును ప్రొవైడ్స్‌లో రాయాలి. జాబితాలో వెదికితే వెంటనే దొరుకుతుంది.

వెర్షను సంఖ్యలో అబద్ధం చెప్పకూడదు. చేతిలో ఉన్నది ఏ వెర్షనో అదే రాయాలి. అప్పుడు అంతకంటె కొత్తది అడిగిన ప్యాకేజి వస్తే ఆప్ట్ అభ్యంతరం చెబుతుంది. ఆ అభ్యంతరం మనకు మేలు చేసే హెచ్చరిక.

వివరణ వరసలో ఎందుకు చేశామో, అసలు వస్తువు ఏ ఫోల్డరులో ఉందో, ఏ తేదీన చేశామో రాయాలి. మనం మరిచిపోతాం, చీటీ మరిచిపోదు. ఆ వస్తువును తీసేసిన రోజే డమ్మీనీ తీసేయాలి. డెబియన్ సంచిక మారినప్పుడల్లా డమ్మీల జాబితాను ఒకసారి చూసుకోవాలి.

ముగింపు

వెనక వస్తువు ఉన్నంతవరకు ఖాళీ పెట్టెమీద పేరు ఒక సౌకర్యం. వస్తువు పోయాక కూడా పేరు మిగిలితే అది మన కళ్ళకు కట్టిన గంత. లేనిది లేనట్టు ఖాళీగా వదిలిన యూనికోడ్ స్థానం ఇరవైమూడేళ్ళు ఎదురుచూసి చివరికి తన అక్షరాన్ని పొందింది. ఉన్నట్టు రాసిన నా చీటీ మాత్రం ఆ అక్షరాన్ని గుమ్మంలోనే ఆపింది.

ఈ మాట కంప్యూటర్లకే పరిమితం కాదు. మా ప్రాంతంలో ఒక బడికి మాటల సేకరణకోసం వెళ్ళినప్పుడు, రిజిస్టరులో తెలుగు సెక్షను ఉంది, తెలుగు పంతులు పోస్టు ఉంది. పాఠం చెప్పే మనిషి చాలాకాలంగా లేడు. లెక్క చూసేవారు పేరు చూసి తృప్తిపడ్డారు. పిల్లలకు కావలసింది పేరు కాదు, పలికే గొంతు. మన పల్లెల్లో ఏయే మాటలు నిజంగా వినిపిస్తున్నాయో, ఏవి పేరుకు మాత్రమే మిగిలాయో వెళ్ళి విని రాసుకోవలసిన బాధ్యత మన విద్యార్థులమీద ఉంది. రాసుకున్నాక, అచ్చుకు పంపేముందు లాగ్ ఫైలు చదవవలసిందిగా మనవి.